కృష్ణకమలం తీగ: 3 ఏళ్లుగా ఆకులే ఆకులు, ఒక్క పువ్వు లేదు

కిటికీతోట:

అందరికీ నమస్తే. ఈ ప్రశ్న ఇంతకుముందే ఎవరైనా అడిగి ఉంటే తిట్టుకోకండి, వెతికాను కానీ నా గోలకు సరిపోయేది దొరకలేదు.

నా దగ్గర ఒక ప్యాషన్ ఫ్లవర్ తీగ ఉంది. కృష్ణకమలం అంటాం కదా, కొందరు రాఖీ పువ్వు అంటారు, ఆ కుటుంబమే. ఎర్ర పువ్వుల రకం అని, అంటు మొక్క అని, ఏడాది తిరక్కుండానే గోడంతా పూస్తుందని చెప్పి అమ్మారు. కొన్నప్పుడు దానికి నిజంగానే రెండు ఎర్ర పువ్వులు ఉన్నాయి, అరచేయంత ఉన్నాయి, వాటిని చూసే పడిపోయాను. అది జరిగి 3 ఏళ్లు. ఆ తర్వాత పువ్వు మొహం చూస్తే ఒట్టు.

తీగ మాత్రం దెయ్యం పట్టినట్టు పెరుగుతోంది. పెద్ద డ్రమ్మును సగానికి కోసి అందులో పెట్టాను, గోడకు తాళ్ల వల కట్టి ఎక్కించాను. పొద్దున ఒక 3 గంటలు ఎండ పడుతుంది, ఆ తర్వాత అంతా నీడే. రోజూ నీళ్లు పోస్తాను. 15 రోజులకోసారి పశువుల ఎరువు వేస్తాను, ఆకుకూరల మడికి కలిపిన యూరియా నీళ్లు మిగిలితే దీనికీ ఓ చెంబుడు పోస్తాను. పక్కవాళ్ల కిటికీలోకి దూరిపోతోందని రెండు మూడు వారాలకోసారి చివర్లన్నీ కత్తెరతో సమంగా కొట్టేస్తుంటాను.

నిరుడు ఒకసారి 4 మొగ్గలు కనిపించాయి, ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. వారం తిరిగేసరికి పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. ఆకు కాడల మీద చీమలు ఎప్పుడూ తిరుగుతుంటాయి, ఏమైనా అవే కొరికేస్తున్నాయా?

ఇంట్లోవాళ్లు పీకేయమంటున్నారు. పీకేముందు ఒకసారి మిమ్మల్ని అడుగుదామని.

మట్టిచేతులు:

కిటికీతోట గారూ, పీకకండి. మీ జవాబులో మూడొంతులు మీ ప్రశ్నలోనే ఉంది.

ముందు ఆ కత్తెర దాచేయండి. ఈ తీగలకు పువ్వు వచ్చేది కొత్తగా సాగుతున్న చిగురు మీద. ఆకు కాడ తీగకు అతుక్కునే చోట, నులితీగ పక్కనే మొగ్గ పుడుతుంది. అదీ చిగురు వేసిన మర్నాడే కాదు, ఆ రెమ్మ కొంత దూరం సాగి, కాస్త నిలదొక్కుకున్నాక ఒక్కో కణుపుకు ఒక్కో మొగ్గ చొప్పున మొదలవుతుంది. మీరు రెండు మూడు వారాలకోసారి చివర్లు కొట్టేస్తున్నారు, అంటే అది పూసే వయసుకు వచ్చే ప్రతిసారీ మళ్లీ పసిపిల్లను చేస్తున్నారు. పాపం అది మళ్లీ పక్క చిగుళ్లు వేస్తుంది, మీరు మళ్లీ కోస్తారు. గోడంతా ఆకులుండటానికి, పువ్వు లేకపోవడానికి కారణం ఒక్కటే.

రెండోది యూరియా. ఆకుకూరకు ఆకు కావాలి కాబట్టి నత్రజని వేస్తాం. పూల తీగకు అదే పోస్తే అది కూడా ఆకుకూర లాగానే ప్రవర్తిస్తుంది, దాని తప్పేముంది. యూరియా పూర్తిగా ఆపండి, పశువుల ఎరువు కూడా ఏడాదికి రెండుసార్లు చాలు. పెరిగే కాలంలో పొటాష్ ఎక్కువ ఉన్న ఎరువు, టమాటాకు వేసేలాంటిది, తక్కువ మోతాదులో ఇస్తే సరిపోతుంది.

ఎండ సంగతి అన్నిటికన్నా ముఖ్యం, కానీ దాన్ని మార్చడం కష్టం కాబట్టి చివర్లో చెబుతున్నాను. 3 గంటలు చాలదు. 6 గంటలు పడితే బాగా పూస్తుంది. ఎర్ర రకాలు మధ్యాహ్నం మరీ మండిపోయే ఎండలో కొంచెం వాడతాయి, వాటికి ఆ వేళ పలచటి నీడ పర్వాలేదు, కానీ పొద్దంతా నీడ అంటే మాత్రం ఆకులే. కుండీని కదపలేకపోతే తీగనైనా ఎండ వైపు నడిపించండి. వేళ్లు నీడలో, తల ఎండలో, ఇది ఈ తీగలకు ఇష్టమైన ఏర్పాటే, అడవిలో అవి చెట్ల కింద మొలిచి పైకి పాకేది అందుకే.

చీమలు కొరకడం లేదు. ఆకు కాడ మీద చూడండి, చిన్న బొడిపెల్లాంటివి ఉంటాయి. వాటిలోంచి తేనె లాంటి తీపి రసం ఊరుతుంది, చీమలు దానికోసం వస్తాయి, వచ్చి తిరుగుతూ ఉంటే పురుగుల గుడ్లూ అవీ కొంత తగ్గుతాయి. జీతం ఇచ్చి పెట్టుకున్న కాపలా అన్నమాట. అయితే చీమలు బొడిపెల దగ్గర కాకుండా చిగుళ్ల దగ్గర గుంపుగా ఉంటే అక్కడ పిండినల్లో పేనుబంకో ఉందేమో చూసుకోండి, అది వేరే కథ.

ఇంకో మాట. ఎర్ర రకం అన్నారు, దెయ్యం పట్టినట్టు పెరుగుతోంది అన్నారు. ఈ రెండూ కలిసి నాకు ఎక్కడో కొడుతోంది. ఆకు ఎలా ఉందో చెప్పండి, ఎన్ని పాయలు, అంచు నున్నగా ఉందా రంపంలా ఉందా.

పాతకత్తెర:

పై జవాబు బాగుంది గానీ కత్తెర దాచేయమనడం నాకు నచ్చలేదు, నా పేరే చూడండి. కొత్త చిగురు మీదే పువ్వు వస్తుందంటే అసలు కొత్త చిగురు రావాలి కదా! నేను ఏడాదికి ఒకసారి, చలి వెళ్లిపోయి కొత్త ఆకు మొదలయ్యే ముందు, గట్టిగా కత్తిరిస్తాను. నాలుగైదు ముఖ్యమైన కొమ్మలు ఉంచి పక్క రెమ్మలన్నీ రెండు మూడు కణుపులకు కురచ చేస్తాను. ఆ తర్వాత మళ్లీ ఏడాది దాకా ముట్టను. అలా చేయకుండా వదిలేసిన ఏడాది ఏమైందంటే పైన గొడుగులా ఆకు, కింద అంతా ఎండుపుల్లలు, పువ్వులన్నీ ఎక్కడో నా తలకు అందనంత ఎత్తులో.

ఒక జాగ్రత్త ఉంది. మరీ ముదిరి చెక్కలా అయిపోయిన మొదలు దాకా, పచ్చదనం ఏమీ మిగలకుండా కోసేస్తే కొన్ని మళ్లీ చిగురించవు. నేను ఒకటి అలా పోగొట్టుకున్నాను. కాబట్టి ఎక్కడ కోసినా దాని కింద బతికున్న కణుపులు కొన్ని ఉండేలా చూసుకోండి.

పక్కవాళ్ల కిటికీ బాధకు కత్తెర అక్కర్లేదు. చివరను పట్టుకుని వెనక్కి తిప్పి మీ వల మీదే అడ్డంగా అల్లేయండి. నిలువుగా పోయే తీగ కన్నా అడ్డంగా పడుకోబెట్టిన తీగ ఎక్కువ పక్కరెమ్మలు వేస్తుంది, పువ్వులూ కంటి ఎత్తులో ఉంటాయి. వారానికి ఓ పది నిమిషాల పని. నులితీగలు ఒకసారి చుట్టుకుంటే స్ప్రింగులా బిగుసుకుపోతాయి, ఊడదీయాలంటే తెంపాల్సిందే, కాబట్టి లేతగా ఉన్నప్పుడే తిప్పండి. అన్నట్టు ఇవి గోడను పట్టుకోలేవు, లావు గుంజనూ పట్టుకోలేవు, పెన్సిల్ మందం లోపు తీగో తాడో ఉంటేనే చుట్టుకుంటాయి. మీ తాళ్ల వల సరిపోతుంది.

మట్టిచేతులు:

పాతకత్తెర గారూ, ఏడాదికి ఒకసారి అయితే నాకూ అభ్యంతరం లేదు. నేను చెప్పింది ఆ పదిహేను రోజుల క్షవరం గురించి.

కిటికీతోట:

ఇద్దరికీ థాంక్సండి. పసిపిల్లను చేస్తున్నారు అన్నమాట చదివి నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది.

ఆకు చూడమన్నారు కదా. పొద్దున వెళ్లి తీరిగ్గా చూశాను, 3 ఏళ్లలో మొదటిసారి అనుకుంటా ఇంత దగ్గరగా చూడటం. ఒక విచిత్రం కనిపించింది. నా తీగకు రెండు రకాల ఆకులు ఉన్నాయి!

గోడనిండా ఉన్న ఆకులకు 5 పాయలు, చేతివేళ్లు విప్పినట్టు, లోతుగా చీలి, అంచు నున్నగా. కానీ వెనకాల, డ్రమ్ముకు గోడకు మధ్య, ఈ ఆకుల గుంపు కింద నలిగిపోయి ఒక సన్న కొమ్మ ఉంది, మూరెడు పొడుగు కూడా లేదు. దాని ఆకులు వేరు. 3 పాయలు, ద్రాక్ష ఆకులా, అంచు రంపంలా. లేత కాడ మీద తుప్పు రంగు నూగు ఉంది. రెండూ ఒకే మొక్కేనా? ఒకే మొక్కకు ముదురు ఆకు, లేత ఆకు వేరువేరుగా ఉంటాయేమో అనుకున్నాను గానీ ఇంత తేడానా?

మట్టిచేతులు:

అనుకున్నదే అయింది. కిటికీతోట గారూ, మీరు 3 ఏళ్లుగా పెంచుతున్నది మీరు కొన్న మొక్కను కాదు.

అంటు మొక్క అన్నారు కదా. అంటు అంటే కింద వేరు ఒక మొక్కది, పైన కొమ్మ ఇంకొకదానిది. 5 వేళ్ల ఆకు, నున్నటి అంచు ఉన్నది పాసిఫ్లోరా సెరూలియా అనే నీలం కృష్ణకమలం. దక్షిణ అమెరికాది, చలికి తట్టుకుంటుంది, మొండిది. అందుకే నాజూకు రకాలను దాని వేరు మీద అంటు కడతారు. ద్రాక్ష ఆకులా ఉందన్నారే, ఆ తుప్పు రంగు నూగు గుర్తును బట్టి అది పాసిఫ్లోరా విటిఫోలియా అయి ఉండాలి. విటిఫోలియా అన్న పేరుకు అర్థమే ద్రాక్ష ఆకుది అని. మీరు చూసి పడిపోయిన ఎర్ర పువ్వు దానిదే.

జరిగింది ఏమిటంటే, అంటు కింద నుంచి, మట్టిలోంచి పిలకలు లేచాయి. వేరు వాటిదే కాబట్టి బలమంతా వాటికే వెళ్లింది, పైనున్న ఎర్రదాన్ని తొక్కేశాయి. మీరు యూరియా పోసి పెంచింది అద్దెకున్నవాడిని కాదు, ఇంటి పునాదిని. ఇది చాలామందికి జరుగుతుంది, అమ్మేటప్పుడు పిలకలు తీసేయండి అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది, చెప్పరు.

ఇప్పుడు చేయాల్సింది: మొదలు దగ్గర మట్టి కొంచెం తొలిచి ఆ సన్న కొమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. దాని కింద ఒక ముడిలా, గంటులా కనిపిస్తుంది, అదే అంటు కట్టిన చోటు. ఆ ముడికి కింద నుంచి వచ్చే ప్రతి పిలకనూ పుట్టిన చోటికంటా లాగి తీసేయాలి. పైపైన కత్తిరిస్తే రెండింతలు వస్తాయి. ముడిని మాత్రం మట్టిలో పూడ్చకండి.

అయితే అన్నీ ఒక్కరోజే తీయకండి. ఇప్పుడు ఆ వేళ్లకు తిండి పెడుతున్నది ఈ ఆకులే. ఒక్కసారి గోడంతా ఖాళీ చేస్తే మూరెడు కొమ్మ అంత పెద్ద వేరు వ్యవస్థను పోషించలేదు, మట్టి తడి ఆరక వేరుకుళ్లు వస్తుంది. నెల, నెలన్నర వ్యవధిలో మూడు విడతలుగా తీయండి, నీళ్లు ఆ మేరకు తగ్గించండి. రోజూ నీళ్లు పోయడం అసలు మానేయండి, పై మట్టి వేలితో తడిమి పొడిగా ఉంటేనే పోయండి.

పాతకత్తెర:

ఆ పిలకలను పారేయకండి! నీలం కృష్ణకమలం ఏమీ తక్కువది కాదు, తెల్లటి రేకుల మీద నీలం, తెలుపు, ఊదా దారాల చక్రం. నన్నడిగితే ఎర్రదాని కన్నా ఇదే అందం, ఎర్రది దూరం నుంచి బాగుంటుంది, ఇది దగ్గర కూర్చుని చూడాల్సిన పువ్వు. మరీ లేతగా కాక, మరీ ముదరకుండా ఉన్న రెమ్మను జానెడు ముక్కలుగా, ఒక్కో ముక్కకు 3 కణుపులు ఉండేలా కోయండి. కింది ఆకులు తీసేసి, పై ఆకును సగానికి కత్తిరించి, నులితీగలు తీసేసి, ఒక కణుపు లోపలికి వెళ్లేలా కోకోపీట్, ఇసుక కలిపిన దాంట్లో గుచ్చండి. పైన పలచటి ప్లాస్టిక్ కవర్ గొడుగులా కప్పి నీడలో పెడితే నెల లోపే వేళ్లు వేస్తాయి. పది గుచ్చితే ఏడెనిమిది బతుకుతాయి నా దగ్గర.

కుండీలోనే ఉంచండి, నేలలో పెడితే వేళ్ల మీంచి అక్కడక్కడా పిలకలు లేచి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది, తర్వాత నన్ను తిడతారు.

గింజ నుంచి కూడా వస్తుంది కానీ ఓపిక ఉండాలి. పండులోంచి తీసిన తాజా గింజ త్వరగా మొలుస్తుంది, ఎండిన పాత గింజ అయితే నెలల తరబడి కదలదు, చచ్చిందనుకుని పారబోసిన కుండీలోంచి మొలిచిన అనుభవం నాకుంది. మొలిచాక పూయడానికి మళ్లీ ఏడాదో రెండేళ్లో. కటింగ్ అయితే ముదురు తీగ నుంచి తీసినది కాబట్టి ముందే పూస్తుంది.

సీతాకోకలసత్రం:

ఆలస్యంగా వచ్చాను. అందరూ పువ్వు పువ్వు అంటున్నారు, నేను ఈ తీగ పెంచేది ఆకుల కోసం అంటే నవ్వుతారేమో. ఆకులు నాకు కాదు, గొంగళిపురుగులకు.

కిటికీతోట గారూ, మీకు ఇంతవరకు రాలేదంటే అదృష్టమో దురదృష్టమో తెలీదు, కానీ ఏదో ఒకరోజు పొద్దున లేచేసరికి ఆకులు సగం మాయమై, ఒళ్లంతా ముళ్లతో నారింజో గోధుమో రంగు పురుగులు గుంపుగా కనిపిస్తాయి. మందు కొట్టేముందు ఒక్క క్షణం ఆగండి. అవి ఈ కుటుంబం మొక్కల మీద బతికే సీతాకోకచిలుకల పిల్లలు. దక్షిణాసియాలో అయితే టానీ కోస్టర్ అని నారింజ రంగులో మెల్లగా ఎగిరేది, అమెరికా ఖండాల్లో అయితే గల్ఫ్ ఫ్రిటిలరీ, హెలికోనియస్ జాతులు. ఆ ముళ్లు చూడటానికే భయం, కుట్టవు. ముదిరిన తీగ అయితే ఆకులన్నీ తిన్నా మళ్లీ చిగురిస్తుంది, చచ్చిపోదు. మూరెడు కొమ్మ అయితే మాత్రం తట్టుకోదు, ఆ ఎర్రదాని మీద వాలినవాటిని ఏరి నీలందాని మీదికి మార్చండి. రెండు తీగలు ఉండటం వల్ల ఇదొక లాభం.

ఈ ఆకుకూ పురుగుకూ మధ్య యుద్ధం చాలా పాతది. ఆకుల్లో, నలిగితే సైనైడ్ పుట్టించే పదార్థాలు ఉంటాయి, అందుకే మేకలూ పిల్లలూ నమలకుండా చూసుకోవాలి. ఈ పురుగులు ఆ విషాన్ని తట్టుకోవడమే కాదు, తమనే పిట్టలు తినకుండా ఒంట్లో అలాంటి విషం దాచుకుంటాయి. దానికి ఎదురుగా కొన్ని పాసిఫ్లోరా జాతులు ఆకుల మీద పసుపు చుక్కలు పెట్టుకుంటాయి, అచ్చం హెలికోనియస్ గుడ్ల లాగా. తల్లి వచ్చి చూసి, ఇక్కడ ఇంకెవరో ముందే గుడ్లు పెట్టారు, నా పిల్లలకు తిండి మిగలదు అనుకుని వేరే తీగ వెతుక్కుంటుంది. సీటు మీద ఖర్చీఫ్ వేసినట్టు! మొక్కకు కళ్లు లేవు, మెదడు లేదు, అయినా ఈ తెలివి.

మంచులోమల్లె:

నేను చలి ఎక్కువగా ఉండే చోట ఉంటాను, కాబట్టి రాలిన మొగ్గల గురించి నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే అందులో నాకు పీహెచ్‌డీ ఇవ్వొచ్చు.

మొగ్గలు పసుపు తిరిగి రాలడానికి పురుగు ఉండనక్కర్లేదు. కుండీ ఒక్కసారి ఎండిపోయినా, మళ్లీ ఒక్కసారిగా ముంచెత్తినా, ఎండ సరిపోకపోయినా, గాలి మరీ పొడిగా ఉన్నా, చివరికి కుండీని ఒకచోట నుంచి ఇంకోచోటికి జరిపినా రాల్చేస్తుంది. మొగ్గలు వచ్చాక దాన్ని కదపొద్దు, ఫొటో కోసం తిప్పొద్దు కూడా.

చలి సంగతి: నీలంది మంచునూ కొంత తట్టుకుంటుంది, పైన ఎండినా వేరు నుంచి లేస్తుంది. ఉత్తర అమెరికా రకం ఇన్కార్నాటా అని ఉంది, అది ఏటా నేలమట్టం అయి వసంతంలో మళ్లీ లేస్తుంది. ఎర్ర ఉష్ణమండల రకాలు అలా కాదు, 10 డిగ్రీల కంటే తగ్గుతుందంటే నేను ఇంట్లోకి తెచ్చేస్తాను. ఇంట్లో హీటర్ గాలికి ఎర్రనల్లి పడుతుంది, ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, కింద సాలెగూడు లాంటి పోగులు. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా పిచికారీ చేస్తూ ఉంటే అదుపులో ఉంటుంది. చలికాలంలో నీళ్లు బాగా తగ్గించి, ఎరువు పూర్తిగా మానేసి, కిటికీ దగ్గర నిద్రపోనిస్తాను.

ఇంకో సలహా, ఎవరూ చెప్పలేదు కాబట్టి. పువ్వు ఎటు చూస్తుందో తెలుసుకుని తీగ పెట్టండి. అలాటా అనే రకం పువ్వులు తల వంచుకుని ఉంటాయి, మంచి వాసన, వాటిని పందిరి మీదికి ఎక్కించి కింద కూర్చుంటేనే మొహం కనిపిస్తుంది. రెసిమోసా అయితే ఎర్ర పువ్వుల గొలుసులా కిందికి వేలాడుతుంది, దానికీ పందిరే. నీలంది, విటిఫోలియా లాంటివి బయటికి తిరిగి పూస్తాయి, గోడ మీద సరే. నేను అలాటాను గోడకు పెట్టి రెండేళ్లు పువ్వుల వీపు చూశాను.

కిటికీతోట:

ఒక్కో జవాబూ రెండేసి సార్లు చదివాను. మట్టిచేతులు గారూ, ముడి దొరికింది! మట్టికి నాలుగు వేళ్ల పైన, అచ్చం మీరు చెప్పినట్టే. దాని కింద నుంచి 6 పిలకలు, ఒకటి నా బొటనవేలంత లావు. ఇవాళ 2 తీసేశాను. వాటి ముక్కలు 12 గుచ్చాను.

ఒక చిన్న సందేహం. పువ్వులు వస్తే కాయలు కూడా వస్తాయా? ఇంకోటి, దీన్ని ప్యాషన్ అని ఎందుకంటారు, మోజు అనా?

పాతకత్తెర:

మోజు కాదండి. అక్కడ ప్యాషన్ అంటే క్రీస్తు పడిన యాతన. అమెరికా వెళ్లిన స్పెయిన్ మతగురువులు ఈ పువ్వును చూసి, మధ్యలోని 3 కీలాగ్రాలు మేకులు, 5 కేసరాలు 5 గాయాలు, చుట్టూ ఉన్న దారాలు ముళ్ల కిరీటం అని చెప్పుకున్నారు. మనవాళ్లేమో అవే దారాల్లో నూరుగురు కౌరవులను, ఆ 5 కేసరాల్లో పాండవులను చూశారు. ఎవరి కథ వారిది.

కాయల విషయంలో ఆశ పెట్టుకోకండి. ఈ కుటుంబంలో చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు, అదే జాతిలో వేరే మొక్క పుప్పొడి కావాలి. మీరు గుచ్చిన 12 ముక్కలూ ఒకే తీగవి, 12 కుండీల్లో ఉన్నా ఒక మొక్క కిందే లెక్క. పైగా పుప్పొడి బరువుగా జిగటగా ఉంటుంది, గాలికి పోదు, వడ్రంగి తుమ్మెద లాంటి పెద్ద తేనెటీగ వీపుకు అంటుకుని పోవాలి. ఎర్రవాటికైతే సొంత ఊళ్లో హమ్మింగ్ పిట్టలు ఆ పని చేస్తాయి. పువ్వు విప్పుకున్నప్పుడు కీలాగ్రాలు పైకి నిలబడి ఉంటాయి, కాసేపటికి వంగి కేసరాల ఎత్తుకు దిగుతాయి, తుమ్మెద వీపుకు తగిలేలా. ఒకసారి కుర్చీ వేసుకుని చూడండి, పువ్వు ఉండేది దాదాపు ఒక్కరోజే.

కిటికీతోట:

5 నెలల తర్వాత వస్తున్నాను, మర్చిపోయి ఉండరనుకుంటా.

పిలకలన్నీ తీసేశాను, ఇప్పటికీ వారానికి ఒకటి తల ఎత్తుతోంది, గోటితో గిల్లేస్తున్నాను. డ్రమ్మును మా అన్నయ్య, నేను కలిసి గోడ అవతలి చివరికి జరిపాం, అక్కడ మధ్యాహ్నం 2 దాకా ఎండ. యూరియా మానేశాను. ఎర్రది ఇప్పుడు నా ఎత్తు దాటింది, ఆకులు ద్రాక్షపాదులా ఉన్నాయి, నిన్న చూస్తే పై కణుపుల్లో 3 మొగ్గలు. ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గుచ్చిన 12లో 9 బతికాయి. అయిదు మంది తీసుకెళ్లారు, పక్కింటి కిటికీవాళ్లు కూడా, తీగ లోపలికి వస్తోందని గొడవ పెట్టినవాళ్లే! నేను ఉంచుకున్న ఒకదాన్ని వరండా కమ్మీకి అల్లాను, కత్తెర ముట్టలేదు. అది ఇవాళ పూసింది. నీలంది. పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, పాతకత్తెర గారు చెప్పినట్టు ఆ 3 కీలాగ్రాలూ వంగుతాయా లేదా అని. ఫోన్ వచ్చి లోపలికి వెళ్లి వచ్చేసరికి వంగిపోయి ఉన్నాయి.

పాతకత్తెర:

రేపు ఇంకోటి విప్పుకుంటుంది లెండి, పక్క కణుపులో మొగ్గ ఉంటుంది చూడండి. ఫోన్ లోపల పెట్టి రండి.

మట్టిచేతులు:

ఆ ఎర్ర మొగ్గలు విప్పుకునే దాకా డ్రమ్మును మళ్లీ జరపకండి. మీ అన్నయ్యగారికి కూడా చెప్పండి.